ఆ 93 జీబీ ఎవరు తిన్నారు?

మొన్న దసరా సెలవులకు ఇంటికి వెళ్ళగానే నేను చేసిన మొదటి పని, మా ఊరి కంప్యూటర్ షాపు ఆయనకు సారీ చెప్పి రావడం. ఎందుకో చెప్తాను. ఇందులో నా పరువు పోయే సంగతులు రెండు ఉన్నాయి. మీలో సగం మంది పరువు కూడా నాతో పాటే పోతుందని నా అనుమానం.

మా నాన్నది ఫొటో స్టూడియో. పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, బారసాలలు. ఆల్బమ్ చేతికొచ్చి, వీడియో మిక్సింగ్ పూర్తయి, పార్టీ వాళ్ళు చివరి రూపాయి ఇచ్చేదాకా ఏ పెళ్ళి మెటీరియల్ కూడా చెరపడానికి వీల్లేదు. అందుకని ఏడాదికి రెండు మూడు హార్డ్ డిస్కులు కొంటాడు, అన్నీ ఆ ఒక్క షాపులోనే. పన్నెండేళ్ళుగా అదే షాపు. సీజన్లో చేతిలో డబ్బు లేకపోతే అప్పుగా కూడా ఇస్తాడాయన. డిస్కులో ఎంత జాగా ఉందో నాన్న ఎప్పుడూ లెక్క చూడలేదు. నిండితే ఇంకోటి కొనేవాడు, అంతే.

లెక్క చూసింది నేను. సెకండ్ ఇయర్ సంక్రాంతి సెలవులు. నాన్న కొత్తగా తెచ్చిన 1 టీబీ డిస్కు కంప్యూటర్‌కి పెట్టాను. విండోస్ 931 జీబీ అని చూపించింది. వెంటనే బుర్రలో చదువు మేలుకుంది. 1 టీబీ అంటే 1024 జీబీ కదా! అంటే 93 జీబీ తక్కువ. "నాన్నా, ఇది డూప్లికేట్ మాల్" అన్నాను. ఎంత నమ్మకంగా అన్నానంటే, నాన్న చొక్కా వేసుకుని అప్పుడే బయల్దేరాడు.

షాపులో ఏం జరిగిందో నేను చూడలేదు. నలుగురి ముందూ మాటా మాటా పెరిగిందని తర్వాత తెలిసింది. "మా అమ్మాయి కంప్యూటర్ ఇంజనీరింగ్, ఊరికే చెప్పదు" అన్నాడట నాన్న. ఆయన ఏమీ వాదించకుండా ఇంకో డిస్కు సీలు విప్పి, అక్కడే పెట్టి చూపించాడు. అదీ 931. వేరే కంపెనీది పెట్టాడు. అదీ 931. నాన్న డిస్కు తీసుకుని వచ్చేశాడు. ఆ తర్వాత ఎనిమిది నెలలు ఆ షాపు గుమ్మం తొక్కలేదు. కోపంతో కాదు, మొహం చెల్లక.

అసలు లెక్క ఇది. 1 టీబీ అని అట్ట మీద రాసినవాడు లక్ష కోట్ల బైట్లు ఇస్తానన్నాడు. ఇచ్చాడు కూడా. విండోస్‌లో ప్రాపర్టీస్ తెరిస్తే పూర్తి అంకె బైట్లలో కనపడుతుంది, ఒక్క బైటూ తగ్గదు. కానీ విండోస్ ఆ లక్ష కోట్లను 100 కోట్లతో భాగించదు. 107 కోట్ల 37 లక్షల 41 వేల 824తో భాగిస్తుంది. అంటే 1024ని 1024తో, మళ్ళీ 1024తో గుణిస్తే వచ్చే అంకెతో. అప్పుడు 931 వస్తుంది. అంతవరకు తప్పేం లేదు, ఎవరి కొలత వాళ్ళది. తప్పల్లా ఆ 931 పక్కన మళ్ళీ అదే "జీబీ" అని రాయడంలో ఉంది. నేను చేసింది ఇంకా ఘోరం. అట్ట మీది టీబీని 1024 జీబీగా అనుకుని, నాన్న కొననే కొనని 24 జీబీ కూడా షాపు ఆయన ఖాతాలో వేశాను.

కిలో అంటే గ్రీకులో వెయ్యి. కిలోమీటరుకు 1000 మీటర్లు, కిలో బియ్యానికి 1000 గ్రాములు. మన దగ్గరికి వచ్చేసరికి 1024 ఎందుకయింది? మెమరీ చిప్పుకి అడ్రస్ గీతలు పది ఉంటే 1024 గదులను గుర్తించొచ్చు. వెయ్యి గదులు కట్టి 24 వదిలేయడం పిచ్చితనం. కాబట్టి మెమరీలో 1024 సహజమైన అంకె. దానికో పేరు కావాలి, దగ్గర్లో కిలో ఉంది, అరువు తెచ్చుకున్నారు. వెయ్యికి 24 తేడా అంటే 2.4 శాతం. అప్పట్లో ఎవరికీ నొప్పి తెలియలేదు. కానీ ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ ఈ తేడా పెరుగుతుంది. మెగా దగ్గర 4.9 శాతం, గిగా దగ్గర 7.4, టెరా దగ్గర దాదాపు 10. తాతల నాటి చిన్న బద్ధకం మన తరానికి వచ్చేసరికి పది శాతం అప్పయి కూర్చుంది.

మరి డిస్కుకు 1024 అవసరం ఉందా? లేదు. నెట్‌వర్కుకూ లేదు. ఒక గిగాబిట్ ఈథర్‌నెట్ అంటే సెకనుకు అచ్చంగా 100 కోట్ల బిట్లు. మీ లాప్‌టాప్ స్టిక్కర్ ఒకసారి చూడండి. 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ అని పక్కపక్కనే ఉంటాయి. మొదటి జీబీ 107 కోట్ల పైచిలుకు బైట్లు, రెండోది సరిగ్గా 100 కోట్లు. ఒకే స్టిక్కరు, ఒకే అక్షరాలు, రెండు కొలతలు. అందుకే ఆ 512 విండోస్‌లో 476 అవుతుంది, ర్యామ్ మాత్రం 8గానే ఉంటుంది.

అన్నిటికన్నా తమాషా మన సీనియర్ల సీనియర్లు వాడిన ఫ్లాపీది. 1.44 ఎంబీ అని రాసుండేది. అందులో పట్టేవి 14,74,560 బైట్లు. 1000ని 1000తో గుణించిన మెగాతో భాగిస్తే 1.47 రావాలి. 1024ని 1024తో గుణించిన మెగాతో అయితే 1.41. మరి 1.44 ఎక్కడిది? 1000ని 1024తో గుణిస్తే వస్తుంది! అటు తండ్రి పోలికా కాదు, ఇటు తల్లి పోలికా కాదు.

రెండు కొలతలు ఉండటం నాకు తప్పుగా అనిపించదు. మా అమ్మమ్మ దగ్గర బోలెడు కొలతలు ఉన్నాయి. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం, రెండు కుంచాలు ఒక ఇరస, రెండు ఇరసలు ఒక తూము. చూశారా, పక్కా బైనరీ! మా డిజిటల్ ఎలక్ట్రానిక్స్ మేడమ్‌కి చెప్తే చాలా సంతోషించారు. తర్వాత 20 తూములు ఒక పుట్టి అనగానే బైనరీ కాస్తా పోయింది, అది వేరే సంగతి. ఇక్కడ నాకు నచ్చింది ఒక్కటే. ప్రతి మెట్టుకూ దాని పేరు దానికుంది. రెండు తవ్వలను ఎవరూ "పెద్ద తవ్వ" అనలేదు, మానిక అన్నారు.

దీనికన్నా సరిగ్గా సరిపోయే ఉదాహరణ పైసా. అప్పట్లో రూపాయికి 16 అణాలు, అణాకు 4 పైసలు, వెరసి 64 పైసలు. 1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయికి 100 పైసలయ్యాయి. పాత పైసా, కొత్త పైసా రెండూ కొంతకాలం జనం చేతుల్లో కలిసి తిరుగుతాయి. విలువలు వేరు. అప్పుడు ప్రభుత్వం ఏం చేసింది? కొత్త నాణెం మీద "నయా పైసా" అని కొట్టించింది. జనం కొత్తదానికి అలవాటు పడ్డాక 1964లో "నయా" తీసేసింది. అమ్మమ్మ ఇప్పటికీ "నయాపైసా కూడా ఇవ్వను" అంటుంది. కూరగాయల బండి దగ్గర పైసల్లో బేరమాడే మనిషికి కూడా తేడా తెలియాలని ఒక్క మాట ముందు చేర్చారు. ఇంతోటి కంప్యూటర్ శాస్త్రం ఆ మర్యాద చేయలేదు.

చేయలేదంటే అబద్ధమే. ఆలస్యంగా చేసింది. 1998 డిసెంబరులో అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 1024 వంశానికి వేరే పేర్లు పెట్టింది. కిబి, మెబి, గిబి, టెబి. 1024 బైట్లు ఒక కిబిబైట్. 1000 బైట్లు ఒక కిలోబైట్. ఈ లెక్కన నాన్న డిస్కు 1 టెరాబైట్, లేదా 931 గిబిబైట్లు. రెండూ నిజమే, గొడవ లేదు. ఆపిల్ వాళ్ళు 2009లో వచ్చిన స్నో లెపర్డ్ నుంచి డిస్కు, ఫైళ్ళ సైజులను వెయ్యి లెక్కన చూపించడం మొదలుపెట్టారు. అదే డిస్కు మ్యాక్‌కి పెడితే 1 టీబీ అనే చూపిస్తుంది. విండోస్ మాత్రం 1024తో భాగించి జీబీ అని రాస్తూనే ఉంది.

నేను నాన్నను షాపుకి పంపినట్టే అమెరికాలో జనం కోర్టుకి వెళ్ళారు. వెస్టర్న్ డిజిటల్ మీద వేసిన కేసు 2006లో రాజీతో ముగిసింది, కొన్నవాళ్ళకు ఒక బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా ఇచ్చారు. శాండిస్క్ మీద వేసినదాన్ని మాత్రం కాలిఫోర్నియాలోని ఫెడరల్ కోర్టు 2020లో కొట్టేసింది. జీబీ అంటే 100 కోట్ల బైట్లని అట్ట మీదే రాశారు కదా, ఇంకేం మోసం అంది. నాన్న డిస్కు అట్ట మీద కూడా చీమల బారులాంటి అక్షరాల్లో ఆ మాట ఉంది. నేను చదవలేదు. నాకు "తెలుసు" కాబట్టి.

ఆ తెలియడం ఎక్కడ నేర్చుకున్నానో ఆలోచిస్తే నాకు కోపం వస్తుంది. ఇంటర్ ప్రాక్టికల్స్‌లో "ఒక కిలోబైటుకి ఎన్ని బైట్లు?" అంటే 1024 అని చెప్పి మార్కులు తెచ్చుకున్నాను. ఇక్కడ ఫస్ట్ ఇయర్ వైవాలో మళ్ళీ అదే. 1000 అన్న అబ్బాయిని అందరం నవ్వాం. వాడు అప్పుడు తెలియక చెప్పాడు గానీ, చెప్పింది రైటు. మనం తెలిసి తప్పు చెప్పాం. కనీసం "దేని గురించి అడుగుతున్నారు సర్, ర్యామా, డిస్కా?" అని అడగాలని మాలో ఒక్కరికీ తోచలేదు.

నా రూమ్మేట్ వాదన వేరు. "కిబిబైట్ ఏంటే, కుక్కపిల్లకి పేరు పెట్టినట్టు! ఇంటర్వ్యూలో ఆ మాటంటే నవ్వుతారు" అంటుంది. మెమరీ చిప్పుల ప్రమాణాలు రాసే జెడెక్ పత్రాల్లో కూడా కిలో, మెగా, గిగాలను 1024 లెక్కన వాడతారని తెచ్చి చూపించింది. నిజమే. ర్యామ్ గురించి ర్యామ్ వాళ్ళు ర్యామ్ వాళ్ళతో మాట్లాడుకునేటప్పుడు ఆ మాట చెల్లుతుంది. కానీ మా నాన్న ర్యామ్ వాళ్ళలో లేడు కదా. పలకడానికి నవ్వొచ్చే పేరు ఒప్పుకుంటాను. "బైట్" మాత్రం తక్కువ నవ్వొచ్చే పేరా? 1956లో ఐబీఎమ్‌లో వెర్నర్ బుక్‌హోల్జ్ ఆ మాట పుట్టించినప్పుడు, ఇంగ్లీషులో కొరకడం అనే మాటకున్న స్పెల్లింగే పెడితే పొరపాటున బిట్ అయిపోతుందని భయపడి, కావాలనే అందులో ఒక అక్షరం మార్చారు. అంటే బిట్‌కీ బైట్‌కీ కలగాపులగం అవుతుందని ఆ రోజే తెలుసు. అయినా ఇప్పుడు రెండిటికీ ఒకే అక్షరం వాడుతున్నాం. బిట్‌కి చిన్న బి, బైట్‌కి పెద్ద బి. అంతే తేడా.

నా పరువు పోయిన రెండో సంగతి ఇక్కడే ఉంది. డిస్కు గొడవ జరిగిన వేసవిలో ఒక పెద్ద పెళ్ళి. రెండు రాత్రులు నిద్రలేదు నాన్నకి. మెటీరియల్ విజయవాడలో మిక్సింగ్ చేసే ఆయనకు పంపాలి, మర్నాడు సాయంత్రం రిసెప్షన్లో స్క్రీన్ మీద చిన్న వీడియో వేయాలి. "ఏమ్మా, 64 జీబీ కార్డు నిండుగా ఉంది. మన నెట్లో ఎంతసేపు పడుతుంది?" అని ఫోన్ చేశాడు. నెట్ ప్లాను 40. 64 వేలని 40తో భాగించాను. 1600 సెకన్లు. "అరగంట కూడా పట్టదు నాన్నా, పెట్టేసి పడుకో" అన్నాను.

ఆ 40 మెగాబిట్లు. కార్డులో ఉన్నవి గిగాబైట్లు. ఎనిమిదితో గుణించాలి. 12,800 సెకన్లు, అంటే మూడు గంటల ముప్పై మూడు నిమిషాలు, అదీ లైను ఒక్క క్షణం కూడా తగ్గకుండా నడిస్తే. గంట తర్వాత నాన్న లేచి చూస్తే పావు వంతు కూడా వెళ్ళలేదు. ఇంక నా మాట నమ్మలేదు. కార్డు జేబులో పెట్టుకుని, ఆ అర్ధరాత్రి బండి మీద విజయవాడ బయల్దేరాడు. గంటన్నరలో ఇచ్చేశాడు. ఆ మధ్య కూర్చుని లెక్క వేశాను. 64 జీబీ, 5400 సెకన్లు. మా నాన్న బండి వేగం సెకనుకు దాదాపు 95 మెగాబిట్లు! మా ఇంటి నెట్ కన్నా రెండు రెట్లు పైన. నవ్వొస్తుంది గానీ, రెండు రాత్రులు నిద్రలేని మనిషి అర్ధరాత్రి హైవే మీద లారీల మధ్య బండి నడిపాడన్న సంగతి తలుచుకుంటే ఆ నవ్వు ఆగిపోతుంది. ఎనిమిదితో గుణించడం మర్చిపోయినందుకు.

డిస్కు వాళ్ళను నేను క్షమించాను, అసలు క్షమించాల్సింది ఏమీ లేదు. నెట్ అమ్మేవాళ్ళ మీద మాత్రం నాకు అంత దయ లేదు. వేగం బిట్లలో చెప్పడం వాళ్ళ రంగం అలవాటు, ఒప్పుకుంటాను. కానీ అదే పోస్టరులో వేగం బిట్లలో, రోజువారీ డేటా బైట్లలో రాస్తారు. వేగం ఎనిమిది రెట్లు పెద్దగా కనపడితే వాళ్ళకేం నష్టం? రోజుకు 2 జీబీ, వేగం 40 అంటే, ఆ వేగంతో నిజంగా వాడితే మీ రోజు 400 సెకన్లలో అయిపోతుంది. మన దేశంలో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి 2023 నుంచి కనీస వేగం 2 మెగాబిట్లు. సెకనుకు 250 కిలోబైట్లన్నమాట. పక్కనే బైట్లలో కూడా రాయమని ఒక్క నిబంధన పెడితే నాలాంటి ఇంజనీర్ల కూతలు నమ్మాల్సిన పని నాన్నలకు ఉండదు.

మనం మాత్రం ఏం తక్కువ? మొన్నటి ఫెస్ట్ పోస్టరు మీద "100 ఎంబీపీఎస్ వైఫై" అని మొదటి అక్షరం చిన్నదిగా వేశారు. పెద్ద ఎమ్ మెగా, చిన్న ఎమ్ మిల్లీ. అంటే సెకనుకు 100 మిల్లీబిట్లు, పది సెకన్లకు ఒక బిట్. యూటీఎఫ్-8లో మన తెలుగు అక్షరం "అ"కి 3 బైట్లు, 24 బిట్లు. ఆ వైఫైలో "అ" రావడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. "తెలుగు" అనే మాటకి గుర్తులతో కలిపి ఆరు కోడ్లు, 18 బైట్లు, 24 నిమిషాలు. మన క్లబ్బు పేరు పూర్తిగా దిగేలోపు ఫెస్ట్ అయిపోతుంది.

ఇంతకీ "ఒక బైటు అంటే ఒక అక్షరం" అని కూడా మనకు నేర్పారు. ఇంగ్లీషుకి సరే. ఎస్ఎంఎస్‌లో జాగా 140 బైట్లు. ఇంగ్లీషు అక్షరానికి 7 బిట్లు చొప్పున 160 పడతాయి, తెలుగును మామూలు యూనికోడ్‌లో 16 బిట్లు చొప్పున పంపితే 70. అందులోనూ గుణింతాలు, ఒత్తులు వేరే లెక్క. మనం తెలుగులో రాసేవాళ్ళం కాబట్టి ఈ ముక్క మనకైనా తెలిసుండాలని చెప్పాను.

షాపు సంగతి మర్చిపోలేదు. వెళ్ళాను. "అంకుల్, అప్పుడు తప్పు నాదే" అన్నాను. ఆయన ఏదో బిల్లు రాస్తూ తలెత్తి నవ్వాడు. "పర్లేదమ్మా. వారానికి ఇద్దరన్నా వచ్చి అడుగుతారు ఈ 931 ఏంటని. ఇంజనీరింగ్ పిల్లలే ఎక్కువ" అన్నాడు. తర్వాత, "నాన్నని రమ్మను, కొత్త డిస్కులొచ్చాయి" అన్నాడు. నాన్న ఆ సాయంత్రమే వెళ్ళాడు. ఇప్పుడు స్టూడియో బీరువాలో ప్రతి డిస్కు మీద మార్కర్‌తో రెండు అంకెలు రాసి ఉంటాయి, 1000 అని ఒకటి, దాని కింద 931 అని. పార్టీ వాళ్ళెవరైనా అడిగితే నాన్నే వివరిస్తున్నాడు, నాకన్నా బాగా.

కాలేజీకి వచ్చాక ఓఎస్ ల్యాబ్ రికార్డులో పేజీ సైజు దగ్గర 4 కిబిబైట్లని, సరైన గుర్తుతోనే రాశాను. సర్ ఎర్ర పెన్నుతో మధ్యలో ఉన్న చిన్న ఐ చుట్టూ సున్నా చుట్టి, పక్కన ప్రశ్న గుర్తు పెట్టారు. దిద్దలేదు, అలాగే ఉంచాను. గురువారం వైవా.